గట్టు మీద వెలుగుతున్న టార్చి

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నిజానికి నమ్మడానికి నాకు దొరికినన్ని అవకాశాలు ఇంకెవరికీ దొరికి ఉండవు. పదహారేళ్ళుగా పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తున్నాను. రాత్రి ఒంటిగంటకూ, తెల్లవారుజామున మూడున్నరకూ ఉండే ముహూర్తాలు ముగించుకుని, కెమెరా సంచి వీపున తగిలించుకుని, శ్మశానాల పక్క నుంచి బండి మీద ఒంటరిగా ఇంటికి చేరినవాణ్ణి. ఒక్క దయ్యం కూడా ఆపి ఫోటో తియ్యమని అడగలేదు.

ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ కాదు. ఇందులో తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు. ఒక పాత కెమెరా, ఒక చెరకు తోట, ఒక ఫోటో ఉన్నాయి. ఆ ఫోటో ఎలా పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. ముందుగా చూసి కూడా ఏమీ చెయ్యలేకపోయాను. ఎవరితోనూ పూర్తిగా చెప్పుకోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది మంగళగిరి, నేతపనివాళ్ళ కుటుంబం. మగ్గం చప్పుడు మధ్య పెరిగినా నా చెయ్యి మగ్గం మీద నిలవలేదు. గవర్నర్‌పేటలో ఒక సందులో, రెండో అంతస్తులో చిన్న స్టూడియో పెట్టుకున్నాను. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో పాడైన కెమెరాలు బాగుచేస్తాను. కెమెరా అంటే నాకు యంత్రమే. ప్రతి మర విప్పి చూసినవాణ్ణి.

ముందు మా వృత్తిలో జరిగే ఒక చిన్న మాయ గురించి చెప్పాలి. ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టించాలని పురోహితుడు మొత్తుకుంటూ ఉంటాడు. మగపెళ్ళివారి బస్సు ఎక్కడో ఆగిపోతుంది, లేదంటే పెళ్ళికూతురి అలంకరణ తెమలదు. ముహూర్తం కాస్తా దాటిపోతుంది. అప్పుడు పెద్దవాళ్ళలో ఒకాయన మెల్లగా నా పక్కకు వచ్చి, "బాబూ, ఫోటోలో టైం మాత్రం ముహూర్తానికే పడేట్టు చూడు. రేపు ఏదన్నా తేడా వస్తే ముహూర్తం తప్పిందంటారు" అని గొణుగుతాడు.

ఎంత ఆలస్యమైందో అంత, కెమెరాలో గడియారాన్ని వెనక్కి తిప్పుతాను. ఫోటోతో పాటు నమోదయ్యే టైం శుభలేఖలో అచ్చువేసిన ముహూర్తంతో నిమిషాలతో సహా సరిపోతుంది. అందరికీ సంతోషం. పెళ్ళయ్యాక గడియారాన్ని మళ్ళీ సరిచేసుకోవాలి. ఇదేమీ నా ఒక్కడి విద్య కాదు, మాలో చాలామంది చేసేదే. ఈ సంగతి కొంచెం గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

శేషగిరి గారిది ఉయ్యూరు పక్కన ఒక చిన్న ఊరు. వాళ్ళన్న కూతురి పెళ్ళికి ఫోటోలు తీసినప్పుడు పరిచయమయ్యారు. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. ఆయన భార్య రాజేశ్వరి వదిన. వాళ్ళకు పిల్లలు లేరు. ఊరి చివర ఇల్లు, ఇంటికి కూతవేటు దూరంలో మూడెకరాల చెరకు, దాని పక్కనే చిన్న చేపల చెరువు. చెరకుకూ చెరువుకూ మధ్య ఒక గట్టు. గట్టు చివర మోటారు షెడ్డు.

ఆ ఏడు వానలు తగ్గాక ఒకరోజు ఆయన ఫోన్ చేశారు. "చెరువులో చేపల్ని ఏదో తినేస్తోంది ప్రసాదూ. పొద్దున వెళ్ళేసరికి గట్టు మీద తలకాయలే మిగులుతున్నాయి. మనిషి దొంగైతే తలకాయ వదలడు గదా, పులుసుకి అదే బావుంటుంది."

బురదలో పడ్డ అడుగుజాడల్ని ఫోన్లో తీసి పంపారు. జంతువుల గురించి తెలిసిన ఒకాయనకు చూపిస్తే, బావురుపిల్లి కావచ్చన్నాడు. నీళ్ళలో దూకి చేపలు పట్టే అడవి పిల్లి. మామూలు పిల్లికి రెండింతలు ఉంటుందట. పగలు కంటపడదట.

ఆ మాట విన్నాక నాకు కుదురు లేదు. పదహారేళ్ళుగా నేను తీసిన ప్రతి ముఖమూ లెన్సు వైపు చూసి నవ్విందే. నేనొకణ్ణి ఉన్నానని కూడా తెలియని ఒక ప్రాణిని, దాని మానాన అది ఉండగా తియ్యాలనిపించింది.

అడవిలో పెట్టే కెమెరాలు బజార్లో దొరుకుతాయి. వాటిలో బొమ్మ మసగ్గా ఉంటుంది. నా పెళ్ళి ఫోటోల్లాంటి బొమ్మ కావాలనుకున్నాను. బీరువాలో ఒక పాత కెమెరా ఉంది. వేసవిలో మంగళగిరిలో ఒక పెళ్ళి మధ్యలో దాని షట్టర్ మొరాయిస్తే, మిగతా పని ఇంకో కెమెరాతో కానిచ్చి దీన్ని బీరువాలో పడేశాను. ఇప్పుడు దానికి కొత్త షట్టర్ వేశాను. తేదీ సరిగ్గా ఉందో లేదో చూశాను. సరిగ్గానే ఉంది.

మనిషి లోపలికి రాగానే తనంతట తానే లైటు వెలిగే గదులు చూసే ఉంటారు. అక్కడ గోడకు ఉండే సెన్సార్‌ లాంటిదే ఒకటి కొన్నాను. దానికి తెలిసింది ఒక్కటే, తన ముందు వెచ్చగా ఉన్నదేదో కదలడం. చల్లటి వస్తువు దాని కంటికి ఆనదు. సెన్సార్ వైరును కెమెరా బటన్‌కు కలిపాను. ప్రాణి ఎదురుగా కదిలితే కెమెరా మేలుకుంటుంది, రెండు పాత ఫ్లాష్‌లు వెలుగుతాయి, ఫోటో పడుతుంది. ఇంతకు మించి అందులో మర్మం లేదు.

వానకూ మంచుకూ తట్టుకోవడానికి వదిన పచ్చళ్ళ డబ్బా ఒకటి ఇచ్చారు. దానికి లెన్సు మేర రంధ్రం చేసి అద్దం అతికించాను. నాలుగుసార్లు కడిగినా గోంగూర వాసన పోలేదు. మొదటి వారమంతా చీమలు ఆ డబ్బాకు యాత్రకు వచ్చినట్టు వచ్చాయి. గట్టు మీద సరుగుడు కర్ర పాతి, మోకాలెత్తున డబ్బాను బిగించాం. కెమెరా ముందు గట్టు, దాని వెనక గోడ కట్టినట్టు చెరకు.

చీకటి పడే వేళకు పరీక్షించి చూశాం. పిల్లి ఎత్తులో ఉండాలి కాబట్టి నేనే గట్టు మీద నాలుగు కాళ్ళ మీద నడిచాను. ఫ్లాష్ వెలిగింది. శేషగిరన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇన్నాళ్ళకి నీ ఫోటో తీసే మొగాడు దొరికాడు ప్రసాదూ" అన్నారు.

మొదటి నెల ఫలితం ఇంతా అంతా కాదు. ఎండకు కాగిన ఆకులు సాయంత్రం గాలికి ఊగితే సెన్సార్ మోసపోయి మూడు వందల ఫోటోలు తీసింది. ఒక ఊరకుక్క, లెక్కలేనన్ని పందికొక్కులు, లుంగీ ఎగ్గట్టుకుని మోటారు వెయ్యడానికి వెళ్ళే శేషగిరన్నయ్య పిక్కలు. వారానికోసారి ఆదివారం ఉదయం బస్సులో వెళ్ళి, బ్యాటరీలు మార్చి, పాత కార్డు తీసి కొత్తది పెట్టి వచ్చేవాణ్ణి. ఆదివారం అక్కడ చేపల పులుసు తప్పనిసరి. పిల్లి తినగా మిగిలినవి మనకు అనేవారాయన.

సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం తెచ్చిన కార్డు స్టూడియోలో తెరిచాను. శుక్రవారం రాత్రి రెండు దాటాక పడిన ఫోటో చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. బావురుపిల్లి. ఒంటి నిండా వరసల్లో నల్లటి మచ్చలు, పొట్టి తోక, తడిసిన ముంగాళ్ళు. తల పక్కకు తిప్పి గట్టు ఎడమ చివర దేన్నో చూస్తోంది. చెవులు వెనక్కి వాలి ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలూ దాన్నే చూస్తూ కూర్చోవచ్చనిపించింది.

దాని తర్వాతి ఫోటోలో ఎవరూ లేరు. గట్టు మీద గడ్డిలో ఒక టార్చి పడి ఉంది. అది వెలుగుతూ ఉంది. అంతే.

అన్నయ్యది కింద పడిపోయిందేమో అనుకున్నాను. మామూలుగా తేదీ చూశాను. ఆ రాత్రిది కాదు. అంతకు ముందు రోజుదీ కాదు. ఆ పై వారంలో వచ్చే గురువారం, ఉదయం నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. అంటే ఇంకా పదకొండు రోజులకు రావలసిన తేదీ.

ఆ తర్వాతి ఫోటో పందికొక్కుది. దాని తేదీ మళ్ళీ మామూలుగా ఆ రాత్రిదే, పిల్లి వెళ్ళిన గంట తర్వాత. ఫోటోల వరస సంఖ్యలు చూశాను. పిల్లి, టార్చి, పందికొక్కు. మధ్యలో ఒక్క అంకె కూడా జారలేదు.

నేను కెమెరా మెకానిక్‌ని. కెమెరా గడియారం పాడైతే పాత తేదీకి పోయి కూర్చుంటుంది, లేదా ఆగిపోతుంది. ముందుకు దూకి ఒక్క ఫోటో తీసి తిరిగి తన చోటికి రావడం నేనెప్పుడూ చూడలేదు. కార్డు చెడిపోయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. మా కింది అంతస్తులో కంప్యూటర్లు బాగుచేసే అతనికి చూపిస్తే, కార్డు బాగానే ఉంది, ఫైలును ఎవరూ మార్చలేదు అన్నాడు.

మర్నాడు శేషగిరన్నయ్య మోటారు సామాను కొనడానికి విజయవాడ వచ్చారు. పిల్లిని చూసి ముచ్చటపడ్డారు. టార్చి ఫోటో చూపిస్తే ముందుకు వంగి చూశారు. "మాదేనయ్యా. ఆ నీలం టేపు చుట్టింది నేనే. కానీ ఇది కిందపళ్ళేదే. శుక్రవారం నేను రాత్రి అటు పోనేలేదు." సెన్సార్ సంగతి ఆయనకూ తెలుసు. టార్చిని చూసి అది మేలుకోదు. వెచ్చగా ఏదో కదిలి ఉండాలి. ఫోటోలో గడ్డి పరక కూడా వంగి లేదు.

ఆయన నవ్వి వదిలేశారు. నేనూ వదిలేసినట్టే ఉన్నాను. తరువాతి ఆదివారం వెళ్ళినప్పుడు మాత్రం డబ్బా విప్పి కెమెరాలో తేదీ చూశాను. ఆ రోజు తేదీయే ఉంది. నెల, సంవత్సరం సరిగ్గా ఉన్నాయి. పదకొండు రోజుల తేడా వెతుక్కుంటున్న వాడి కంటికి గంటలూ నిమిషాలూ ఆనవు. నేను వాటివైపు చూడనే లేదు.

మంగళవారం రాత్రి అన్నయ్య ఫోన్ చేశారు. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వచ్చిందనీ, పొద్దుటి నుంచి చెరకు కొట్టిస్తున్నాననీ, రేపటికి గట్టు పక్కదంతా అయిపోతుందనీ చెప్పారు. "కూలీలు నీ కర్ర పీకి పారేస్తారు. వచ్చి తీసుకుపో" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఎందుకో ఆ ఫోటో మళ్ళీ తెరిచాను. మిగతా అన్ని ఫోటోల్లో గట్టు వెనక చెరకు గోడలా ఉంటుంది. దీంట్లో వెనక అంతా నలుపు. చీకటి అనుకుని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని పెద్దది చేసి, వెలుతురు పెంచి చూశాను. ఆ నలుపులో నరికిన చెరకు మోళ్ళు వరసగా ఉన్నాయి. ఎండిన ఆకు చెత్త పరిచి ఉంది.

ఫోటో నా చేతికి వచ్చిన రోజున ఆ చెరకు నా తల కన్నా ఎత్తుగా ఉంది. దాని పక్కనే నిలబడి నేను బ్యాటరీలు మార్చాను. కటింగ్ ఆర్డర్ ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. ఎల్లుండి గురువారం. ఆ రాత్రి దీపం ఆర్పలేదు.

బుధవారం మధ్యాహ్నానికి అక్కడున్నాను. చెరకు కొట్టేశారు. కర్ర దగ్గర కూర్చుని కెమెరా ఎత్తున చూశాను. అదే గట్టు, అవే మోళ్ళు, అదే చెత్త. ఫోటోలో ఉన్నదంతా ఉంది, టార్చి తప్ప. కర్ర పీకేశాను. డబ్బా విప్పి, కెమెరాలో బ్యాటరీ తీసేసి సంచిలో పెట్టుకున్నాను. కెమెరా లేకపోతే ఫోటో ఎలా పడుతుంది అనుకున్నాను. పిచ్చి లెక్కే, కానీ ఆ పూట అదే ధైర్యం.

తర్వాత ఇద్దరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రేపు తెల్లవారుజామున నాలుగూ పన్నెండుకు మీరు ఆ గట్టు మీద ఉండకూడదన్నాను. అన్నయ్య, "పెళ్ళిళ్ళకి ముహూర్తాలు చూసి చూసి నాక్కూడా ఒకటి పెట్టావా ఏవిటి" అన్నారు. వదిన నవ్వలేదు. "ఆయన్ని బయటికి వెళ్ళనివ్వను ప్రసాదు గారూ. మీరు కూడా ఈ పూటకి ఉండిపోండి" అన్నారు.

అన్నయ్యకు ఒక్కటే చికాకు. కొట్టేసిన చెరకు మోళ్ళ నుంచి మళ్ళీ పిలకలు రావాలంటే వెంటనే తడి పెట్టాలి. మోటారుకు కరెంటు ఆ వారం తెల్లవారుజామునే వస్తోంది. ఆ లైనులో కరెంటు రాగానే వెలిగేట్టు వసారాలో ఒక బల్బు పెట్టుకున్నారు. ఆ బల్బు వెలిగితే ఆ మనిషి ఇంట్లో ఆగేవాడు కాదు.

వదిన తొమ్మిదింటికే తలుపు మూసి, పైన గొళ్ళెం పెట్టి, దాని కిందే పీట వేసుకుని కూర్చున్నారు. మేం ముగ్గురం టీవీ పెట్టుకుని, టీ తాగుతూ మేలుకున్నాం. నాలుగింటికి కిటికీ అవతల వసారాలో బల్బు వెలిగింది. అన్నయ్య లేచారు. వదిన కదల్లేదు. "తియ్యవే" అన్నారు. "తియ్యను" అన్నారావిడ. కాసేపాగి మళ్ళీ అడిగారు. తియ్యలేదు.

నాలుగూ పన్నెండు అయింది. గోడ గడియారం, నా ఫోను, టీవీ మూలన అంకెలు మూడూ చూశాను. పదమూడు. పదిహేను. ఇరవై. ఆయన మా మధ్య కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చునే ఉన్నారు. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. "చూశావా, నీ యముడికి కూడా బస్సు లేటే" అన్నారాయన. ముగ్గురం నవ్వుకున్నాం. వదిన కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నాలుగూ ముప్పైకి ఆయన టార్చి తీసుకున్నారు. వదిన నా వైపు చూశారు. "ఇంక ఫర్వాలేదు వదినా, టైం దాటిపోయింది. వెళ్ళి రానివ్వండి" అన్నాను. ఆవిడ లేచి గొళ్ళెం తీశారు.

నేనూ వస్తానన్నాను. "పడుకోవయ్యా, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మోటారు వేసి, నీళ్ళు మళ్ళించి వస్తాను" అని ఆయన వెళ్ళిపోయారు. నేను వసారాలో మంచం మీద వాలాను. పడుకోగానే నిద్ర పట్టేసింది. నా ఫోను ఎప్పుడూ మూగగానే ఉంటుంది. పెళ్ళి మండపంలో మోగకూడదని అలవాటైపోయింది.

వదిన లేపేసరికి ఆరు దాటింది. "ఆయన ఇంకా రాలేదు" అన్నారు. మోటారు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

గట్టు మీద మంచు ఉంది. ముందు టార్చి కనబడింది. గడ్డిలో పడి, ఆ తెల్లటి పొద్దులో ఇంకా వెలుగుతోంది. దానికి నాలుగడుగుల ఎడంగా, చెరువు వైపు వాలులో ఆయన పక్కకు ఒరిగి ఉన్నారు. ఒక చెయ్యి గుండె మీద ఉంది. రెండో చేతి దగ్గర ఫోను పడి ఉంది. ఒంట్లో వేడి లేదు.

వదిన ఆయన మీద పడి ఏడుస్తున్నారు. నేను పరుగెత్తి ఎవరినైనా పిలవాలి. రెండు అడుగులు వేసి, నేను కర్ర పీకిన గుంత దగ్గర ఆగిపోయాను. కెమెరా ఎత్తుకు వంగాను. అక్కడి నుంచి చూస్తే టార్చి ఆ ఫోటోలో ఉన్న చోటే ఉంది. మోళ్ళ వరసలు అవే. ఆయన సరిగ్గా ఫోటో అంచుకు అవతల, ఎడమ వైపు ఉన్నారు. అందుకే కనబడలేదు. ముందు ఫోటోలో పిల్లి చెవులు వాల్చి చూసింది కూడా ఆ వైపే.

ఆటోలో ఉయ్యూరు తీసుకెళ్ళాం. గుండె ఆగి గంట దాటిందన్నారు డాక్టరు గారు. ఒక్కరే ఉన్నప్పుడు గుండెపోటు రావడం దురదృష్టం, పక్కన మనిషి ఉండి వెంటనే తెచ్చివుంటే బతికేవారేమో, చెప్పలేం అన్నారు. ఆసుపత్రి వరండాలో నిలబడి ఎవరికో ఫోన్ చేద్దామని తీస్తే, తెర మీద ఒక మిస్డ్ కాల్ ఉంది. శేషగిరన్నయ్య. నాలుగు గంటల యాభై రెండు నిమిషాలు.

ఆ రోజు ఆ అంకె నాకు ఏమీ చెప్పలేదు. పిలిచినప్పుడు పలకలేకపోయానన్న బాధే ఉంది. నేను పడుకున్న మంచానికీ ఆయన పడిన చోటుకూ మధ్య దూరం మూడు నిమిషాల నడక.

మూడో రోజు స్టూడియో తెరిచాను. సంచిలోంచి కెమెరా తీసి, ఇంక దీన్ని ముక్కలు చేసి అమ్మేద్దామని బ్యాటరీ వేశాను. తెర మీద గడియారం కనబడింది. ఎదురుగా గోడ గడియారం ఉంది. ఒకదాన్నీ ఇంకోదాన్నీ చూశాను. కెమెరా గడియారం నలభై నిమిషాలు వెనక ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. మంగళగిరి పెళ్ళి. మగపెళ్ళివారి బస్సు వారధి మీద ఇరుక్కుపోయి ముహూర్తం దాటింది. ఒక పెద్దాయన నా చెవిలో గొణిగాడు. నేను గడియారాన్ని నలభై నిమిషాలు వెనక్కి తిప్పాను. తలంబ్రాల మధ్యలో షట్టర్ చెడిపోయింది. సరిచెయ్యకుండానే బీరువాలో పడేశాను.

ఇంకా నమ్మకం కుదరక మొదటి రోజు పరీక్ష ఫోటో తెరిచి చూశాను, నేను పిల్లిలా పాకినది. నా చేతి గడియారం లెన్సు వైపే ఉంది. ముళ్ళు ఆరూ ఐదు చూపిస్తున్నాయి. ఫోటోతో నమోదైన టైం ఐదూ ఇరవై ఐదు. రెండు నెలలుగా ఆ ఫోటో నా దగ్గరే ఉంది. చూసి చూసి నవ్వుకున్నానే గాని ముళ్ళు చూడలేదు.

నాలుగూ పన్నెండుకు నలభై కలిపితే నాలుగూ యాభై రెండు.

ఆయన్ని నలభై నిమిషాల ముందటి వేళకు కాపలా కాసి, సరిగ్గా కాపలా కాయవలసిన వేళకు నేనే పంపించాను. ఆ ఫోటో అబద్ధం చెప్పలేదు. అబద్ధం నాది, ఎవరి పెళ్ళిలోనో, ఎవరికో మంచి జరగాలని చెప్పింది.

నాకు తెలిసిన వాళ్ళు ఒకరిద్దరికి ఫోటో సంగతి మాత్రమే చెప్పాను. ఎవరో ఆటపట్టించి ఉంటారన్నారు. కొట్టని చెరకును కొట్టినట్టు ఎవరు చూపించగలరు? కాకతాళీయం అన్నారు. కావచ్చు. కానీ గురువారం తెల్లవారుజామున ఆ గట్టు మీద కెమెరా లేదు. అది వసారాలో, నా తల కింద సంచిలో, బ్యాటరీ లేకుండా ఉంది. ఆ ఫోటో తీసింది ఏ కెమెరా? సెన్సార్ ముందు వెచ్చగా కదిలింది ఏది? ముందే చూపించడం దేనికి, కాపాడనివ్వకపోవడం దేనికి? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టదు. ఫైలు ఇప్పటికీ ఉంది. తుడిచెయ్యడానికి చెయ్యి రావడం లేదు.

పదకొండో రోజున వెళ్ళాను. అన్నయ్య ఫోటో పెద్దది చేయించి తెమ్మని ఇంట్లోవాళ్ళు అడిగితే తీసుకెళ్ళాను. అందరూ భోజనాలకు లేచాక వదిన నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"రెండుసార్లు అడిగితే తియ్యలేదు ప్రసాదు గారూ. మూడోసారి నేనే లేచి గొళ్ళెం తీశాను. ఇంకో అరగంట అట్టాగే కూర్చునుంటే ఇంట్లోనే ఉండేవారు. మనం ఇద్దరం ఉన్నాం గదా, ఆటోలో వేసుకుపోయేవాళ్ళం" అన్నారు.

నలభై నిమిషాల మాట నోటి చివరిదాకా వచ్చింది. "మీ తప్పేం లేదు వదినా" అన్నాను. ఆ పూట అక్కడికి వచ్చిన ప్రతివాళ్ళూ అన్న మాటే. ఆవిడ అందరికీ ఊపినట్టే నాకూ తల ఊపారు.

ఏడాది కావస్తోంది. పలకరించడానికి ఎవరు వెళ్ళినా ఆవిడ గొళ్ళెం సంగతే చెబుతున్నారట. రాత్రిళ్ళు ఆ తలుపుకు గొళ్ళెం పెట్టడం మానేశారట. ఉగాది తర్వాత ఒక పెళ్ళిలో మళ్ళీ ఒక పెద్దాయన నా చెవిలో గొణిగాడు. ఎంత ఆలస్యమైతే అంతే పడనివ్వండి అన్నాను. ఆయన వేరే ఫోటోగ్రాఫర్‌ని చూసుకుంటానన్నాడు. చూసుకోమన్నాను.

ఆ ఫోటో ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పలేను. ఎవరైనా చెప్పగలరన్న ఆశ కూడా లేదు. ఇందులో నేను జవాబు చెప్పగలిగింది ఆ నలభై నిమిషాలకే. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం ఈ ఏడాదిలో నాకు రాలేదు. వదిన మధ్యాహ్నాలు ఫోన్లో ఇలాంటి అనుభవాలు చదువుతూ ఉంటారని తెలుసు.

వదినా, ఆ గొళ్ళెం తీసింది మీరు కాదు. నేను.